పదిహేడో నంబరు వ్యాసం

పొద్దున తొమ్మిదింటికి వచ్చి కూర్చున్నప్పటి నుంచి జయరామయ్య ఎడమ చెయ్యి తువాల్లోంచి బయటికి తియ్యలేదు. టీ గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నాడు, కుడిచేత్తోనే కింద పెట్టాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు, ఈయనకు తువాలు దొరికింది కాబోలు అనుకుంది జాన్‌బీ. ముప్పై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి ఆమె. ఇప్పుడు నెల్లూరులో తన ఇంటి ముందుగదికే బోర్డు తగిలించుకుని డిటెక్టివ్ పని చేస్తోంది. అంత అనుభవం ఉండీ ఆ తువాలును చూసీ చూడనట్టు వదిలేసింది.

జయరామయ్యది కోట అనే టౌను అవతల, సముద్రం పక్కన ఊరు. కౌలుకు వరి వేస్తాడు. చదువు లేదు. ఒక్కతే కూతురు వెన్నెల. నెల్లూరులో హాస్టల్లో ఉండి లా మూడో సంవత్సరం చదువుతోంది. గురువారం సాయంత్రం అయిదూ నలభైకి ఆ పిల్ల వాళ్ల ఊరి పక్కనున్న రొయ్యల గుంటలో శవమై తేలింది. ఇవాళ సోమవారం. పోలీసులు ఆత్మహత్య అంటున్నారు. సాయంత్రం నాలుగింటికి కేసు మూసేసి రిపోర్టు పంపిస్తారు.

ఆయన ఏడవలేదు. ఏడుపు నాలుగు రోజుల్లో అయిపోయినట్టుంది. ఒక్కటే అడిగాడు.

"అక్కా, నా బిడ్డ తనంతట తాను పోయిందా, లేదా. నువ్వు విచారించి పోయిందని చెప్తే నమ్ముతా. వాళ్లు చెప్తే మాత్రం నేను చచ్చేదాకా నమ్మను."

కూతురు కాలేజీలో ఏం రాస్తుండేదో చెప్పమంది జాన్‌బీ. ఏదో పుస్తకానికి ఇంగ్లీషులో రాస్తుండేదని చెప్పాడాయన. ఇంటికొచ్చినప్పుడల్లా తనను అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించి రాసుకునేదట. "నా మాటల్లో రాసుకునేదానికి ఏముంటదక్కా" అన్నాడు.

లేవబోతూ ఇంకో సంగతి చెప్పాడు. నిన్న గుంటల కంపెనీ వాళ్లు ఫోన్ చేశారట. పాప చెప్పులు గట్టు మీద దొరికాయి, సోమవారం మూడింటికి పంపు షెడ్డు దగ్గరికొచ్చి తీసుకుపొమ్మన్నారట. కిందటి నెల ఒక చెప్పు వారు తెగితే వెన్నెల కొత్తవి కొనుక్కోకుండా కుట్టించుకుందట. ఆ కుట్టు చూస్తే చాలు, తనవేనని చెప్పేస్తానన్నాడు.

సరే, వెళ్లి తెచ్చుకో జయరామయ్యా అని ఆయన్ని పదకొండున్నర బస్సు ఎక్కించింది జాన్‌బీయే. ఆ మాట మనసులో పెట్టుకోండి.

*

ఒంటిగంటన్నరకు ఆమె లా కాలేజీ లైబ్రరీ వెనకనున్న చిన్న గదిలో ఉంది. ఆ గదిలోంచే పిల్లలు ఏడాదికి రెండుసార్లు 'తీర న్యాయ సమీక్ష' అనే పత్రిక తెస్తారు. మేష్టార్ల పెత్తనం లేదు. వ్యాసాలు ఎంచేది, దిద్దేది, అచ్చుకు పంపేది అంతా విద్యార్థులే. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఇనప బీరువా. గోడ మీద ఎవరో స్కెచ్ పెన్నుతో రాసి అంటించారు: రాసిందెవరో అడగొద్దు, రాసిందేమిటో చూడు.

పత్రిక సంపాదకురాలు షబీనా. అయిదో సంవత్సరం పిల్ల. వెన్నెలా తనూ హాస్టల్లో ఒకే గది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గాని మాట మాత్రం అచ్చేసినట్టు పద్ధతిగా వస్తోంది. పద్ధతి పట్టుకుని వేలాడుతున్న మనిషి మాటలాగా ఉందది. ఇక్కడి పని ఎలా జరుగుతుందో చెప్పమంటే గడగడా చెప్పింది.

వ్యాసం మీద రాసినవాళ్ల పేరుండదు, నంబరే ఉంటుంది. పేరు చూసి మొహమాటపడకూడదని ఆ ఏర్పాటు. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు లైబ్రరీ అటెండరు కామాక్షయ్య దగ్గర ఉంటుంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకే ఆయన్ని పెట్టారు. ఉత్తరాలు చేరవేస్తాడు గాని అందులో ఏముందో చదవలేడు. సంపాదకులకు వ్యాసం తెలుసు, మనిషి తెలియదు. కామాక్షయ్యకు మనిషి తెలుసు, వ్యాసం తెలియదు. రాసిందెవరో సంపాదకులకు తెలిసిపోతే ఆ వ్యాసాన్ని ఆ ఏడు పక్కన పెట్టేస్తారు.

ఇంకో రెండు నియమాలున్నాయి. వ్యాసంలో ఎవరి మీదైనా తప్పు మోపితే, అచ్చెయ్యకముందు ఆ పేరా వాళ్లకే పంపి మీ జవాబేమిటని అడగాలి. సాక్షి పేరు దాచాల్సి వస్తే ఆ పేరు సీలు కవర్లో పెట్టి బీరువాలో ఉంచాలి.

జాన్‌బీ వింటూనే గదంతా కలయజూసింది. పంపిన ఉత్తరాల నకళ్ల ఫైలు తీసింది. పదిహేను, పదహారు, ఆ తర్వాత పద్దెనిమిది. ప్రతి నకలూ ఒక మూల పిన్ను కొట్టిన రెండు కాగితాలు. మొదటిది సంపాదకుల మాట, రెండోది దానికి జతచేసినది.

"పదిహేడు ఏదమ్మా?"

"ఎక్కడో కలిసిపోయుంటది ఖాలా," అంది షబీనా, పిన్నిని పిలిచినట్టు.

"పదహారూ పోలేదు, పద్దెనిమిదీ పోలేదు. మధ్యలోది ఒక్కటే నడుచుకుంటా పోయిందా?"

షబీనా ఒళ్లో ఉన్న బ్యాగు మీద రెండు చేతులూ వేసుకుంది. జాన్‌బీ ఆ చేతుల వంక చూసింది, అడగలేదు. కొన్ని తాళాలు తిప్పితే విరుగుతాయి, కాసేపు ఆగితే వాటంతటవే ఊడతాయి.

*

రెండూ పదికి తలుపు తోసుకుని సీఐ మధుబాబు వచ్చాడు. గుంట ఉన్న సర్కిలు అతనిది. పదేళ్ల కింద ట్రైనింగులో ఉన్నప్పుడు అతనికి పంచనామా రాయడం నేర్పింది జాన్‌బీయే. ఆ సంగతి ఆమె మర్చిపోయినా అతను మర్చిపోలేదు, అదే అసలు చిక్కు. గురువును మించానని ఏదో ఒక రోజు గురువు ముందే నిరూపించుకోవాలని ఉంటుంది కొందరికి.

"ఏందక్కా, పెన్షన్ చాల్లేదా?" అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"పెన్షన్ చాలతా ఉండాది మధూ. నీ దర్యాప్తే చాల్లా."

అతను నవ్వి ఫైలు తెరిచాడు. షబీనా సంతకం కోసం వచ్చాడు. వ్యాసం తిరగ్గొట్టామని, దాంతో వెన్నెల కుంగిపోయిందని వాంగ్మూలం ముందే టైపు చేయించుకొచ్చాడు. తన లెక్క వరసగా చెప్పాడు. గురువారం పన్నెండూ ఇరవై బస్సు టికెట్టు పిల్ల బ్యాగులో ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం మూడుకూ నాలుగుకూ మధ్య ప్రాణం పోయింది. ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయి. మెడ వెనక కమిలింది, గట్టు రాయి తగిలుంటుంది. అన్నిటికీ మించి బ్యాగులో ఈ ఉత్తరం ఉంది. ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఒక ఇంగ్లీషు కాగితం బల్ల మీద పెట్టాడు. ప్రస్తుతం మీ వ్యాసాన్ని ప్రచురించలేము అన్న ముక్క కింద ఎర్ర గీత గీసుకున్నాడు. పైన నంబరుంది. పదిహేడు.

షబీనా ఆ నంబరు చూసింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

జాన్‌బీ చూసింది నంబరు కాదు. కాగితం పైమూల. పిన్ను అలాగే ఉంది. పిన్ను కింద వేలిగోరంత తెల్ల కాగితం ముక్క ఇరుక్కుని ఉంది.

"మధూ, ఒక్క కాగితానికి పిన్నెందుకు కొడతారయ్యా?"

అతను వంగి చూశాడు. ఆ కాగితం అతని దగ్గర నాలుగు రోజులుగా ఉంది.

"రెండో కాగితం చింపుకున్నారు," అంది ఆమె. "చచ్చిపోబోయే పిల్ల సగం ఉత్తరం చింపేసి సగం దాచుకోదు. సరే, గుంట కాడ మేత చల్లే మనిషి ఏం చెప్పినాడు?"

ముత్యాలయ్య అనే ఆ పనివాడి మాట ఫైల్లో ఉంది. మూడూ పది నుంచి మూడూ నలభై దాకా జనరేటర్ నడిచిందట, ఆ మోతలో తనకు ఏ కేకా వినపడలేదట.

"కరెంటు పోయిందా ఆ పూట?"

"పోయుంటది. అందుకే గదా జనరేటర్ వేసేది."

"పోలా. జనరేటర్ మోత సంగతి జయరామయ్య పొద్దున చెప్పంగానే లైన్‌మేన్‌కి ఫోన్ చేసి అడిగినా. గురువారం మధ్యాహ్నమంతా కరెంటుంది. కరెంటు ఉండంగా డీజిల్ పోసి అరగంట జనరేటర్ ఎందుకు వేసినారో నువ్వు అడగలా. అరుపు వినపడకూడదనుకునేవాడు వేస్తాడు మధూ అట్లా."

అతని మొహంలో నవ్వు పోయి పట్టుదల వచ్చింది. గట్టు మీద చెప్పులు జతగా విప్పి పెట్టున్నాయి, దూకేవాళ్లే అలా పెడతారు, ఫొటోలు కూడా ఉన్నాయి అన్నాడు. యూనిఫాం లేని మనుషుల మాట మీద కేసు తిరగరాయలేనని కూడా అన్నాడు. వాంగ్మూలం షబీనా ముందుకు తోసి పెన్ను ఇచ్చాడు.

షబీనా పెన్ను తీసుకుంది. మూత తీసింది. చెయ్యి కాగితం దాకా పోయి ఆగిపోయింది.

"మేం తిరగ్గొట్టలేదు సార్," అంది. "వేస్తామనే రాసినాను. జవాబు వచ్చినాక వేస్తామని."

బ్యాగు తెరిచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసింది. పదిహేడో నంబరు నకలు. రెండు కాగితాలూ ఉన్నాయి.

*

మొదటి కాగితం మధుబాబు దగ్గరున్నదే. రెండోది గుంటల కంపెనీ నుంచి వచ్చిన మెయిలు, షబీనా ప్రింటు తీసి జత చేసింది. మీ ఆరోపణకు మా జవాబు రాతపూర్వకంగా రాసినవారికే ఇస్తాం, గురువారం మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో గుంట పంపు షెడ్డు దగ్గరికి రావాలి, గ్రామసభ తీర్మానం నకలు వెంట తేవాలి అని ఉంది.

ఆ వ్యాసం ఏమిటో షబీనా చెప్పింది. అయిదేళ్ల కింద ఆ ఊరి మేతబీడు రొయ్యల గుంటలకు ఇచ్చేశారు. గ్రామసభ ఒప్పుకుందని ఒక తీర్మానం ఉంది, దాని మీద పదకొండు వేలిముద్రలున్నాయి. అసలు ఆ సభే జరగలేదని వ్యాసం వాదన. ఆధారాలన్నీ కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్లుగా ఇచ్చింది. ముప్పై ఒకటో ఫుట్‌నోటులో ఒకే వాక్యం: ఈ ముద్రల్లో ఒకటి దొంగదని చెప్పడానికి బతికున్న రుజువు ఉంది, పేరు సీలు కవర్లో ఉంది.

"ఆ పేరా, ఆ ఫుట్‌నోటూ కంపెనీకి నువ్వే పంపినావా?"

"నియమం ఖాలా. అడక్కుండా ఎవరి మీదా తప్పు వెయ్యకూడదు. వాళ్ల జవాబు రాంగానే పిన్ను కొట్టి కామాక్షయ్య తాతకు ఇచ్చేసినా. పదిహేడుకు ఇవ్వమని."

అంతవరకూ బాగానే చెప్పింది.  జాన్‌బీ సీసా మూత తీసి నీళ్లు ఇచ్చింది. షబీనా రెండు గుక్కలు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

బుధవారం సాయంత్రం హాస్టల్ గదిలో వెన్నెల ఈమె మంచం మీదికొచ్చి కూర్చుంది. రేపు కోట దాకా తోడు రాగలవా, చిన్న పని ఉంది అని అడిగింది. ఏం పనే అంటే చెప్పలేదు, నవ్వి ఊరుకుంది. చెబితే వ్యాసం పోతుంది కదా. సంచిక అచ్చుకు పోవాలి, ఫుట్‌నోట్లు ఎవరు చూస్తారే అని షబీనా విసుక్కుంది.

"ఏ ఫుట్‌నోట్లు చూస్తా ఉన్నావమ్మా అప్పుడు?"

"పదిహేడో నంబరువే."

 మధుబాబు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం కబురు తెలిసినప్పుడే పంపు షెడ్డు, మూడు గంటలు అన్నీ షబీనాకు గుర్తొచ్చాయి. అయినా కామాక్షయ్యను అడగలేదు. నాలుగు రోజులు ఆ నకలు బ్యాగులో పెట్టుకుని తిరిగింది. ఎందుకు అడగలేదని మధుబాబు మెత్తగానే అడిగాడు.

"అడిగితే పేరు చెప్పేస్తాడు గదా సార్. అడక్కుండా ఉంటే ఇంకెవరో అయ్యుండొచ్చు. ఇంకెవరో రాసుండొచ్చు, వెన్నెల వేరే పనిమీద పోయి కాలు జారుండొచ్చు. అట్లా అనుకుంటా నాలుగు రోజులు బతికినా."

కామాక్షయ్యను పిలిపించారు. ముసలాయన రిజిస్టరు తెచ్చి, కళ్లజోడు సవరించుకుని, పదిహేడో వరస మీద వేలు పెట్టాడు. వెన్నెల పేరు. కవరు తన చేత్తోనే ఇచ్చానన్నాడు. అక్కడే తెరిచి చదువుకుందట, మొహం వెలిగిపోయిందట. మంచి కబురా పాపా అంటే, వాళ్లు నాతో మాట్లాడతామంటున్నారు తాతా అందట. ఆయనకూ మంచి కబురే అనిపించి బీడీల డబ్బాలోంచి ఒక పిప్పరమెంటు తీసి చేతిలో పెట్టాడట.

"ఇంగ్లీషు వచ్చుంటే నేనైనా పోబాకమ్మా అని ఉందును" అన్నాడు.

జాన్‌బీ ఆయన భుజం తట్టింది. అందరూ తమ పని శుద్ధంగా చేశారు. ఒక్కరు ఏమరినా, ఒక్కరు కాస్త నియమం తప్పినా ఆ పిల్ల బతికి ఉండేది. ఇలాంటి కేసు ఆమె సర్వీసులో చూడలేదు.

*

గోడ గడియారంలో రెండూ నలభై ఎనిమిది.

ఇక మిగిలింది బీరువాలోని సీలు కవరు. దాన్ని తెరవాలంటే రాసినవాళ్ల అనుమతి కావాలని షబీనా అలవాటుగా అనబోయి సగంలో ఆగిపోయింది. అనుమతి ఇచ్చేవాళ్లు లేరు. కామాక్షయ్య తాళం తీశాడు. మధుబాబే కవరు అందుకుని, సీలు బాగుందని అందరికీ చూపించి, సమయం రాసుకుని కత్తిరించాడు. పదేళ్ల కింద ఆమె నేర్పిన పద్ధతిలోనే చేశాడు.

జాన్‌బీ అప్పటికి ఒక సంగతి తేల్చుకుంది. కంపెనీ వాళ్లకు కావలసింది పిల్ల కాదు, ఆ బతికున్న రుజువెవరో తెలియాలి. అది చెప్పమనే షెడ్డులో మెడ పట్టుకున్నారు. చెప్పలేదు. చెప్పుంటే ఈపాటికి ఇంకో మనిషి కూడా పోయుండేవాడు. ఈ నాలుగు రోజుల్లో ఆ ఊళ్లో ఇంకెవరికీ ఏమీ కాలేదు. అంటే ఆ సాక్షి పేరు నోట్లోనే దాచుకుని ఆ పిల్ల నీళ్లలోకి పోయింది.

కవర్లో ఒక ఫొటో, ఒక కాగితం ఉన్నాయి. కాగితం తెలుగులో ఉంది. గుండ్రటి, తొందరలేని దస్తూరి. మధుబాబు పైకి చదివాడు.

"సాక్షి పేరు జయరామయ్య. మా నాయన. తీర్మానంలో ఏడో ముద్ర ఈయన ఎడమ బొటనవేలిదని చూపించారు. నాకు పదేళ్లప్పుడే నూర్పిడి మిషన్లో మా నాయనకు ఆ వేలు పోయింది. వేరే ముద్ర ఎవరిదైనా కావచ్చు, ఇది మాత్రం కానే కాదు. నేను ఆయన కూతుర్నని మీ దగ్గర దాచడం లేదు. ఈ పేరు ఎక్కడా అచ్చు వెయ్యొద్దు. ఊళ్లో బతకాల్సిన మనిషి. నేను ఇది రాసుకున్నట్టు ఆయనకూ తెలియదు."

ఫొటోలో ఒక ఎడమ చెయ్యి. అరుగు మీద ఆనించి ఉంది. నాలుగే వేళ్లు.

తువాలు. టీ గ్లాసు. కుడిచెయ్యి. జాన్‌బీ గడియారం వంక చూసింది.

"మధూ, ఆ పిల్ల చెప్పులు ఇప్పుడు యాడుండాయి?"

"గట్టు మీదివి గదక్కా. సీజ్ చేసి స్టేషన్లో పెట్టినాం. గురువారమే."

"ఒక చెప్పు వారు కుట్టించి ఉందా?"

"ఉంది."

"మరి కంపెనీవాళ్లు ఇవాళ మూడింటికి జయరామయ్యకు ఏ చెప్పులిస్తామని పిలిచినారు?"

ఆమె అప్పటికే ఫోన్ నొక్కుతోంది. మధుబాబు ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. తన ఫోన్ తీసి తొమ్మిదో గుంటకు దగ్గర్లో ఉన్న కానిస్టేబుళ్లను పరుగెత్తమన్నాడు. వాళ్లు ఉన్నచోటి నుంచి అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు.

జాన్‌బీ స్పీకర్ పెట్టింది. నాలుగు రింగుల తర్వాత జయరామయ్య ఎత్తాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"వచ్చినానక్కా. మర్యాదగానే చూస్తా ఉండారు. కుర్చీ వేసినారు. చెప్పులు తెప్పిస్తామన్నారు. ఈలోపల ఏదో కాగితం పెట్టినారు, పాప మనసు బాగలేక పోయిందని, మాకు ఎవరి మీదా అనుమానం లేదని. నువ్వు చెప్పేదాకా నేనేమీ ఒప్పుకోనని చెప్పినా."

"మంచి పని చేసినావు. ఇప్పుడు నేను చెప్పేది విను జయరామయ్యా. గట్టిగా మాట్లాడబాక. ఎడమ చెయ్యి తువాల్లోంచి తియ్యబాక. మూత్రానికి పోవాలని చెప్పి లేచి రోడ్డు మీదికి వచ్చెయ్."



"ఇప్పుడే తీసినానక్కా," అన్నాడు. "కాగితం మీద ఎడమ వేలి ముద్ర వెయ్యమంటా ఉంటే, నాకు లేదయ్యా అని చూపిస్తి. అప్పటి నుంచి ఎవురూ మాట్లాడ్డంలా. అందరూ నా చెయ్యే చూస్తా ఉండారు. ఎందుకక్కా?"

ఆ ప్రశ్నకు జవాబు జాన్‌బీ చేతిలోనే ఉంది, ఆయన కూతురి దస్తూరితో. షబీనా రెండు చేతులతో నోరు మూసుకుంది. జాన్‌బీ లే, లేచి పరుగెత్తు అని చెబుతుండగానే ఫోన్లో తలుపు గడియ పడింది. వెంటనే ఇంకో చప్పుడు మొదలైంది. ముందు రెండుసార్లు దగ్గినట్టు, తర్వాత ఒకే మోతగా. ఆ మోతలో జయరామయ్య గొంతు కలిసిపోయింది.

గడియారంలో మూడూ అయిదు.

మధుబాబు ఆ మోత వింటూ నిలబడిపోయాడు. అది జనరేటరని ఈసారి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అయినా చెయ్యి దానంతటదే గోడ మీది స్విచ్చు దాకా పోయి లైటు వేసి చూసింది, నెల్లూరులో కరెంటుంటే అక్కడా ఉన్నట్టేనన్నట్టు. లైటు వెలిగింది.